వ్యాసంలో నడిమి పేరాలు

తెలుగు ప్రశ్నపత్రంలో వ్యాసరచన ప్రశ్నను చూచి బెదిరే విద్యార్థులు తక్కువ. పద్యానికి ప్రతిపదార్థం వ్రాయవలసి వచ్చినప్పుడు కలిగే కంగారు వ్యాసం దగ్గర కలగదు. ఏదో ఒకటి వ్రాయవచ్చుననే ధైర్యమే ఇందుకు కారణం. అయితే ఆ ధైర్యం మొదటి పేరా దాటేవరకే నిలుస్తుంది. గైడు పుస్తకం నుండి కంఠస్థం చేసిన ఉపోద్ఘాతం ఒకటి సిద్ధంగా ఉంటుంది. చివర వ్రాయదగిన నాలుగు ఆశావాక్యాలు కూడా సిద్ధంగానే ఉంటాయి. ఈ రెండింటి నడుమ రెండు పుటల ఖాళీ స్థలం మిగులుతుంది. కలం ఆగేది అక్కడే. ఆగిన కలాన్ని కదిలించడానికి విద్యార్థి చెప్పిన మాటనే మరల చెబుతాడు. వేమన పద్యమొకటి జ్ఞాపకం వస్తే సందర్భం ఉన్నా లేకున్నా దింపుతాడు. అక్షరాల పరిమాణం పెంచుతాడు. సమాధాన పత్రాలు దిద్దేవారికి ఈ ఉపాయాలన్నీ తెలిసినవే.

ఈ నడిమి భాగాన్ని గురించియే ఈ వ్యాసంలో మేము కొంత వివరింపదలచినాము. మా కళాశాల వంటి ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలిసి చదివే చోట ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉన్నది. తెలుగు పేపరులో తక్కువ మార్కులు వచ్చినప్పుడు ఉర్దూ మాట్లాడే ఇంటి నుండి వచ్చిన విద్యార్థి చెప్పే కారణం ఒక్కటే: “మాది ఉర్దూ ఇల్లు సార్, మాకు తెలుగు మాటలు అందవు.” పెద్దలు కూడా ఈ మాటను నమ్మి, పిల్లలచేత పర్యాయపదాల పట్టికలు వల్లె వేయించాలని సూచిస్తూ ఉంటారు. మేము ఈ అభిప్రాయంతో ఏకీభవించలేము. పట్టికలు వల్లె వేసిన విద్యార్థి ‘నీరు’ అని వ్రాయవలసిన చోట ‘సలిలం’ అని వ్రాయడం నేర్చుకొంటాడు; ఆ నీటిని గురించి చెప్పవలసిన సంగతి మాత్రం అలాగే మిగిలిపోతుంది. తెలుగు ఇంటిలో పుట్టి పెరిగిన విద్యార్థి వ్యాసంలోనూ నడిమి పేరాలు ఇంతే డొల్లగా ఉంటున్నవి. కనుక లోపం పదసంపదలో లేదు. పేరాలోని వాక్యాలు ఒకదానికొకటి ఆసరా ఇచ్చే పద్ధతిలో ఉన్నది. ఆ పద్ధతి ఏ ఇంటి భాషలో ఆలోచించేవారికైనా ఒక్కటే.

ఈ సందర్భంలో వ్యాసమనే ప్రక్రియ పుట్టుపూర్వోత్తరాలను ఒక్కసారి చూడటం అప్రస్తుతం కాదు. తెలుగులో వ్యాసాలకు తొలినాటి పేర్లలో ‘ప్రమేయం’ అనేది ఒకటి. 1862లో అచ్చయిన సామినేని ముద్దునరసింహం గారి ‘హితసూచని’లోని రచనలకు ఆయన పెట్టిన పేరు అదే. ప్రమేయమంటే ప్రమాణం చేత తెలుసుకొనదగినది. పేరులోనే ప్రమాణం ఉన్నది గమనించండి. ఉర్దూలో వ్యాసాన్ని ‘మజ్మూన్’ అంటారు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంగ్లండు నుండి తిరిగి వచ్చిన పిమ్మట 1870లో ‘తహ్జీబుల్ అఖ్లాఖ్’ పత్రికను ప్రారంభించి ఈ ప్రక్రియకు బలం చేకూర్చినారు. ఆయనకు ఆదర్శంగా నిలిచినవి అడిసన్, స్టీలులు నడిపిన ఆంగ్ల పత్రికలు. తరువాతి కాలంలో తెలుగున పానుగంటి లక్ష్మీనరసింహారావు గారి ‘సాక్షి’ వ్యాసాలకు ప్రేరణ ఇచ్చినది కూడా అడిసన్ ‘స్పెక్టేటరే’. అంటే మన కళాశాలలో ఒక గదిలో మజ్మూన్ వ్రాసే విద్యార్థి, ప్రక్క గదిలో వ్యాసం వ్రాసే విద్యార్థి ఒకే బావి నీరు త్రాగుతున్నారన్నమాట.

ఇక పేరా నిర్మాణాన్ని గురించి. దీనికి ఆంగ్ల వ్యాకరణ గ్రంథాలను ఆశ్రయించవలసిన అవసరం లేదు. గౌతముని న్యాయసూత్రాలలో ఒక విషయాన్ని ఎదుటివారికి నిరూపించి చెప్పడానికి ఐదు అవయవాలు చెప్పబడినవి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ‘తర్కసంగ్రహం’ వ్రాసి బాలురకు సైతం ఈ శాస్త్రాన్ని అందుబాటులోకి తెచ్చిన అన్నంభట్టు ఆంధ్రుడని పండితులు చెబుతారు. తర్కశాస్త్రం చదివిన ప్రతివారికి తెలిసిన దృష్టాంతం పర్వతం మీది నిప్పు. ఆ కొండ మీద నిప్పు ఉన్నదనడం ప్రతిజ్ఞ. పొగ కనిపిస్తున్నది కనుక అనడం హేతువు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటింటిలో వలె, అనడం ఉదాహరణ. ఈ కొండ మీద కనబడుతున్నది అటువంటి పొగయే అనడం ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పు ఉన్నది అని ముగించడం నిగమనం.

ఉర్దూ విద్యార్థులకు ఈ పేర్లు కొరుకుడు పడవనుకోవడం పొరపాటు. మంతిక్ చదివిన పెద్దలు ఇంటిలో ఉంటే అడిగి చూడండి. ప్రతిజ్ఞను దావా అనండి, హేతువును దలీల్ అనండి, ఉదాహరణను మిసాల్ అనండి, నిగమనాన్ని నతీజా అనండి. ఉపనయానికి తత్బీక్ అనే మాట సరిపోతుంది. అంటే అన్వయించి చూపడం. వీటిలో దావా అనే మాట తెలుగు పల్లెలలోకి కూడా ఎన్నడో వచ్చి చేరినదే. పొలం గట్టు కోసం దావా వేసిన రైతు, ‘ఆ గట్టు నాది, ఆ గట్టు నాదే, ముమ్మాటికీ నాదే’ అని కోర్టులో పదిసార్లు అన్నంత మాత్రాన డిక్రీ రాదు. దస్తావేజు చూపాలి. చూపిన దస్తావేజు ఆ గట్టుకు సంబంధించినదేనని వకీలు వివరించాలి. పరీక్షకుని ముందు మన విద్యార్థి చేసేది దస్తావేజు లేని దావా.

మాటకు ఒక నమూనా చూపుతాము. ‘చెరువుల సంరక్షణ’ అనే అంశం మీద ఇటువంటి పేరా ఏ సమాధాన పత్రంలోనైనా కనిపిస్తుంది:

“నీరు మానవునికి ప్రాణాధారం. నీరు లేనిదే జీవకోటికి మనుగడ లేదు. కావున నీటిని మనం సంరక్షించుకోవాలి. చెరువులు మన సంపద. పూర్వం చెరువులు బాగా ఉండేవి. నేడు చెరువులను నిర్లక్ష్యం చేస్తున్నారు. ఇది చాలా విచారకరం. కావున ప్రతి పౌరుడు చెరువులను కాపాడటం తన బాధ్యతగా భావించాలి.”

ఇందులో అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. వాక్యాలన్నీ శుద్ధమైనవి. భాషను బట్టి మార్కులు వేయవలసి వస్తే తక్కువ వేయడానికి వీలు లేదు. అయినా చదివినవారికి ఏమీ మిగలదు. ఎనిమిది వాక్యాలలో ఎనిమిదీ ప్రతిజ్ఞలే. చెరువులు పూర్వం బాగా ఉండేవన్నది ప్రతిజ్ఞ. ఏ ఊరిలో, ఎప్పుడు, ఎంత బాగా అన్నది లేదు. నేడు నిర్లక్ష్యం చేస్తున్నారన్నది మరొక ప్రతిజ్ఞ. ఎవరు, ఎక్కడ, దాని ఫలితమేమి అన్నది లేదు. చివరి ‘కావున’కు వెనుక నిలిచినది విచారం తప్ప హేతువు కాదు. ఇందులోని ఏ వాక్యాన్ని తీసి ముందుకు జరిపినా, వెనుకకు జరిపినా పేరాకు కలిగే నష్టం అంతంత మాత్రమే. పేరా బలాన్ని కొలవడానికి ఇదొక మంచి పరీక్ష. ఇటుకల కుప్పలో ఏ ఇటుకను తీసినా కుప్ప కుప్పగానే ఉంటుంది. గోడలో నుండి ఇటుకను తీస్తే రంధ్రం కనిపిస్తుంది.

ఇదే అంశం మీద మరొక పేరా చూడండి. ఇందులో సమాసాలు లేవు, గంభీరమైన పదాలు లేవు:

“నగరానికి ఎగువన ఉన్న చెరువుల బాగోగులు నగర రక్షణలో భాగమే. వాన నీరు చెరువులలో నిలిచి నెమ్మదిగా దిగితే నది భరించగలదు. చెరువు కట్టలు తెగి నీరంతా ఒక్కసారి వచ్చి పడితే భరించలేదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో జరిగినది ఇదే. కుండపోత వానకు ఎగువన అనేక చెరువులు తెగి మూసీ నగరం మీదికి వచ్చింది. వేలమంది ప్రాణాలు కోల్పోయారు. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి సలహాను అనుసరించి మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిర్మించారు. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయినవి. నది ఒడ్డున గోడలు కట్టడంతో సరిపెట్టక ఎగువననే నీటిని నిలిపే చోటు కల్పించారంటే, చెరువు చేయవలసిన పనినే పెద్ద ఎత్తున చేయవలసి వచ్చినదన్నమాట. నేడు మన పేటకు ఎగువన పూడిపోయి ఉన్న చెరువు చేయవలసినది కూడా ఆ పనే. అది చేయలేకపోతే వాన నీటికి మన వీధులే చెరువులవుతాయి. కనుక చెరువులో పూడిక తీయించడం ఆయకట్టు రైతుకు ఎంత అవసరమో నగరవాసికి కూడా అంత అవసరం.”

మొదటి వాక్యం ప్రతిజ్ఞ. ‘నీరు ప్రాణాధారం’ అన్న వాక్యానికి, దీనికి ఉన్న భేదాన్ని గమనించండి. నీరు ప్రాణాధారం కాదని వాదించేవారు లోకంలో లేరు. ఎవరూ కాదనని విషయాన్ని నిరూపించవలసిన పని లేదు. కనుక ఆ వాక్యం తరువాత విద్యార్థికి వ్రాయడానికి ఏమీ దొరకదు. కలం ఆగడానికి మొదటి కారణం ఇదే. ఎగువ చెరువుకు, దిగువ నగరానికి సంబంధమున్నదని చెప్పినప్పుడు మాత్రం చదువరి ‘అదెట్లా?’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నయే రెండవ వాక్యాన్ని పుట్టిస్తుంది. మంచి ప్రతిజ్ఞ తన తరువాతి వాక్యాన్ని తానే వెంట తెచ్చుకొంటుంది.

రెండవ వాక్యం హేతువు. ఇది చిన్నదిగా ఉన్నా పేరా బరువంతా దీని మీదనే ఉన్నది. 1908 నాటి సంగతి ఉదాహరణ. ఇక్కడ సంవత్సరం, నది పేరు, జలాశయాల పేర్లు వచ్చినవి. పరీక్షకునికి తన జ్ఞాపకశక్తిని చూపడానికి ఇవి చేర్చినవి కావు. ‘ఒకప్పుడు ఒక పెద్ద వరద వచ్చి చాలా నష్టం జరిగినది’ అని వ్రాస్తే అది మరల ఒక ప్రతిజ్ఞయే అవుతుంది. దానికి మరొక ఉదాహరణ కావలసి వస్తుంది. పేరు, ఊరు, కాలం చెప్పినప్పుడే ఉదాహరణ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. గుర్తు లేని సంవత్సరాన్ని ఊహించి వేయడం కంటె ‘ఇరవయ్యవ శతాబ్దం తొలి సంవత్సరాలలో’ అని వ్రాయడం మేలు. అబద్ధపు దస్తావేజు దావాను మొత్తంగా చెడగొడుతుంది.

‘నది ఒడ్డున గోడలు కట్టడంతో సరిపెట్టక’ అనే వాక్యం నుండి ‘వీధులే చెరువులవుతాయి’ అన్నంతవరకు ఉన్నది ఉపనయం. మా అనుభవంలో, ప్రతిజ్ఞ వ్రాయగలవారు నూటికి నూరుమంది ఉంటే, కొద్దిపాటి శిక్షణతో హేతువు, ఉదాహరణ చేర్చగలవారు సగానికి పైగా తేలుతారు. ఉపనయం వ్రాసేవారు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినవారే. విద్యార్థి మూసీ వరదను గురించి చక్కగా వ్రాస్తాడు; వెంటనే ‘కావున చెరువులను కాపాడుకోవాలి’ అని ముగిస్తాడు. వరదకు, కాపాడుకోవడానికి నడుమ ఉన్న మెట్టును చదువరి తానే ఎక్కాలని అతని ఉద్దేశం. చదువరి ఎందుకు ఎక్కాలి? ‘వరద వచ్చినది సరే, తో క్యా హువా?’ అని అడిగే హక్కు అతనికి ఉన్నది. ఉదాహరణ ముగిసిన చోట విద్యార్థి ఈ ప్రశ్నను తనకు తానే వేసుకొని, వచ్చిన జవాబును రెండు వాక్యాలలో వ్రాస్తే చాలు, అదే ఉపనయం. జవాబు రాకపోతే ఆ ఉదాహరణ ఆ పేరాకు చెందినది కాదని తెలుసుకొనవచ్చును.

ఈ చివరి మాటను కొంచెం విస్తరించడం అవసరమని భావిస్తున్నాము. ఉపనయం వ్రాయబూనినప్పుడే ఉదాహరణ సరిపోయినదా లేదా అన్నది బయటపడుతుంది. మన కళాశాలకు మిక్కిలి సమీపమైన ఒక అంశాన్నే తీసుకొందాము. ‘మాతృభాషలో విద్యాబోధన’ వ్యాసపోటీలకు తరచుగా వచ్చే అంశం. ఉర్దూ విద్యార్థి అయినా, తెలుగు విద్యార్థి అయినా దీనికి తప్పక ఉదహరించేది ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని. ఉదహరించదగినదే. 1918లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయంలో ఉర్దూ బోధనాభాష. అందుకు ముందుగా 1917లోనే అనువాద విభాగమైన దారుల్ తర్జుమాను నెలకొల్పి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చారు. వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో చదివి పట్టాలు పొందినవారు ఉన్నారు. 1948 తరువాత ఆ స్థానంలోకి ఆంగ్లం వచ్చినది.

విద్యార్థి ఇంతవరకు వ్రాసి, ‘కనుక విద్యను మాతృభాషలోనే బోధించాలి’ అని నిగమనం చేస్తాడు. ఇప్పుడు ఉపనయం వ్రాయమనండి. ఉస్మానియాలో చదివినది ఎవరి మాతృభాషలో? నాటి హైదరాబాదు రాష్ట్ర ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. తక్కినవారిలో మరాఠీ, కన్నడం మాట్లాడేవారు అధికం. ఉర్దూ మాతృభాషగా గలవారికి అది మాతృభాషలో విద్య. వరంగల్లు నుండి వచ్చిన తెలుగు విద్యార్థికి అది కాదు. కాబట్టి ఉస్మానియా ఉదాహరణ, ‘భారతీయ భాషలో వైద్యమువంటి శాస్త్రాలను కూడా బోధించవచ్చును’ అన్న ప్రతిజ్ఞను సంపూర్ణంగా నిలబెడుతుంది. ‘మాతృభాషలోనే బోధించాలి’ అన్న ప్రతిజ్ఞకు వచ్చేసరికి సగమే తోడ్పడుతుంది, మిగిలిన సగాన్ని వ్యతిరేకపక్షం వారు తమకు అనుకూలంగా మలచుకొనవచ్చును. ఇది తెలిసిన విద్యార్థి ముందు రెండు మార్గాలు ఉంటాయి. ప్రతిజ్ఞనే సవరించుకొని సాధ్యాసాధ్యాలకు పరిమితం చేయవచ్చును. లేదా ఆ తెలుగు విద్యార్థి ఇబ్బందిని కూడా పేర్కొని, ఒక భాషవారికి కలిగిన మేలు తక్కినవారికి కూడా కలగవలసి ఉండెనని వాదించవచ్చును. రెండవ మార్గం కష్టమైనది, కాని దానిలో నుండి వచ్చే పేరా గైడు పుస్తకంలో దొరకదు. ఉర్దూ విద్యార్థి, తెలుగు విద్యార్థి ఒకే బెంచీ మీద కూర్చొని ఈ పేరాను వ్రాయడం మన కళాశాలలో సాధ్యం. ఈ భాగ్యం అన్ని కళాశాలలకు లేదు.

ఎదుటిపక్షం మాట వచ్చినది గనుక పూర్వపక్షాన్ని గురించి రెండు మాటలు. మన శాస్త్రకారులు పూర్వపక్షం చెప్పనిదే సిద్ధాంతం చేసేవారు కారు. మన విద్యార్థులకు మాత్రం ఎదుటివారి వాదాన్ని పేర్కొంటే తమ వాదం బలహీనపడుతుందనే భయం. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు ఏమి చేశారో చూడండి. 1934లో ఆయన వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులకు చోటు కల్పించారు. ఆ మాటకు అంతకంటె జవాబు అవసరం లేకపోయినది. ఆగ్రహవాక్యాలు ఎన్ని వ్రాసినా ఆ పని జరిగేది కాదు. అయితే 354 ఉదాహరణలు గ్రంథానికి తగినవి. పేరాకు ఒకటి చాలు, మిక్కిలి అవసరమైతే రెండు. కొందరు విద్యార్థులు తెలిసినవన్నీ ఒకే పేరాలో గుమ్మరిస్తారు. బక్రీదు నాటి విస్తరిలో వలె అన్నీ ఉంటాయి, దేని రుచీ తెలియదు. ఒక ఉదాహరణను ఎన్నుకొని దాని చుట్టూ నిదానంగా నడవడమే మేలైన పద్ధతి.

సామెతలు, శతక పద్యాలు ఉదాహరణలు కావా అని విద్యార్థులు అడుగుతూ ఉంటారు. కావు. ‘చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు’ అన్న సామెత ముందుచూపు అవసరమని చెబుతుంది. అది ప్రతిజ్ఞకు పట్టుచీర కట్టడమే గాని, దానిని నిరూపించడం కాదు. ఉర్దూ మజ్మూన్లలో షేర్ల సంగతి కూడా ఇంతే. నిరూపణ జరిగిన పిమ్మట ఒక సామెత పడితే అందంగానే ఉంటుంది. నిరూపణకు బదులుగా పడితే శోభించదు.

ఇక భాష విషయం. ఉర్దూ ఇంటి విద్యార్థులకు మేము ఒక సంగతి ధైర్యంగా చెప్పగలము. ఆంగ్ల వాక్యంలో క్రియ నడుమ వస్తుంది. ఉర్దూలోను తెలుగులోను చివర వస్తుంది. ‘దేఖ్‌కర్’, ‘జాకర్’ అని మీరు ఇంటిలో అనే మాటలకు తెలుగులో ‘చూచి’, ‘వెళ్లి’ అని అచ్చంగా సరిపోయే రూపాలు ఉన్నవి. వాక్యాన్ని అల్లే పద్ధతిలో మీకు తెలుగు పరాయిది కాదు. మీరు తడబడే చోటు లింగం. ఉర్దూలో పుస్తకం స్త్రీలింగం, తెలుగులో అది కేవలం వస్తువు. ఇటువంటివి ఒక సంవత్సరం సాధనతో సర్దుకొంటాయి. పేరాను ముందుగా మనస్సులో ఉర్దూలోనే కట్టుకొని, దావా ఏది, దలీల్ ఏది, తత్బీక్ ఏది అని చూచుకొని, తరువాత తెలుగులో వ్రాయడంలో ఏ దోషమూ లేదు. తెలుగు విద్యార్థులకు చెప్పవలసినది వేరు. వాక్యానికొక ‘మరియు’ తగిలించడం ఆంగ్లానువాదాల నుండి అబ్బిన అలవాటు. ‘చెరువు మరియు కుంట’ అనవలసిన పని లేదు. ‘చెరువూ కుంటా’ అంటే సరిపోతుంది. ‘కావున’, ‘అందువలన’ అనే మాటలను వాటి వెనుక హేతువు ఉన్నప్పుడే వాడాలి. వ్రాసిన పేరాలోని ప్రతి ‘కావున’ క్రింద గీత గీచి, దాని ముందు వాక్యాన్ని చదివి చూడండి. చాలా వరకు కొట్టివేయవలసి వస్తుంది.

పేరా ఎంత ఉండాలన్నదానికి నియమం లేదు. ఒక ప్రతిజ్ఞకు ఒక పేరా అన్నదే కొలత. రెండవ ప్రతిజ్ఞ తలెత్తిన చోట కొత్త పేరా మొదలుపెట్టాలి. మూడు గంటల పరీక్షలో వ్యాసానికి దొరికేది సుమారు ముప్పయి నిమిషాలు. అందులో మొదటి ఐదు నిమిషాలు చివరి పుటలో ప్రతిజ్ఞలు వ్రాసుకోవడానికి వెచ్చించండి. మూడు చాలు. వాటి ఎదురుగా ఒక్కొక్క ఉదాహరణ పేరు వ్రాసుకోండి. ఉదాహరణ దొరకని ప్రతిజ్ఞను నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి. కంఠస్థం చేసిన ఉపోద్ఘాతం ఈ మూడు ప్రతిజ్ఞలకు సరిపోకపోతే దానిని కూడా వదలివేయవలసిందే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఏటా జరిగే వ్యాసరచన పోటీలో పూర్తి వ్యాసాలకు బహుమతులు ఇస్తున్నాము. పుటల సంఖ్య పెరిగిన కొలది బహుమతి దగ్గరవుతుందనే భావం విద్యార్థులలో ఉన్నది. వచ్చే సంవత్సరం నుండి ఒక్క పేరాకు కూడా పోటీ పెట్టి, ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి చొప్పున బహుమతులు ఇస్తే ఖర్చు పెరగదు. వారానికి ఒక పీరియడును పేరా సాధనకు కేటాయిస్తే దిద్దే భారం మేము వహించగలము. పది పంక్తులు దిద్దడానికి పట్టే కాలం నాలుగు పుటలు దిద్దడానికి పట్టే కాలం వంటిది కాదు. విద్యార్థికి కూడా తన పేరాను మరునాడే తిరిగి చూచుకొని మరల వ్రాసే అవకాశం కలుగుతుంది. వ్యాసం విషయంలో ఇప్పుడు అట్లా జరగడం లేదు. దిద్దిన వ్యాసం చేతికి వచ్చేసరికి విద్యార్థి దానిని మరచిపోయి ఉంటాడు.

ఆ సాధనకు ఒక అంశాన్ని ఇక్కడే ఇస్తున్నాము. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉన్నది. 1908 వరదలో ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకొన్నారని ప్రసిద్ధి. ఈ ఒక్క సంగతిని ఉదాహరణగా తీసుకొని రెండు వేర్వేరు పేరాలు వ్రాయండి. మొదటి దాని ప్రతిజ్ఞ నగరాలలోని పాత వృక్షాలను నరకరాదన్నది. రెండవ దాని ప్రతిజ్ఞ వరద వస్తే ఎక్కడికి చేరాలో ప్రజలకు ముందుగా తెలిసి ఉండాలన్నది. 2020 అక్టోబరు వానలకు పాతబస్తీ పరిసరాలలోని పేటలు నీట మునిగిన సంగతిని దీనిలో చేర్చుకొనవచ్చును. ఉదాహరణ వాక్యాలు రెండింటిలో ఇంచుమించు ఒకటిగానే ఉంటాయి. హేతువు, ఉపనయం మాత్రం మారాలి. వ్రాసినవారు పేరాలను ఉర్దూలోనైనా తెలుగులోనైనా మా శాఖ గదిలో బల్ల మీద ఉంచవచ్చును. ఉపనయం క్రింద పెన్సిలుతో గీత గీచి మరీ ఉంచండి.